నలభై కుర్చీల పాటగదికి అనుమతి ఏది?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. విజయవాడకు పబ్బులు, రాత్రి క్లబ్బులు వచ్చేస్తున్నాయనీ, వాటిని మొదట్లోనే అడ్డుకోవాలనీ కొందరు పాఠకులు కొంతకాలంగా మీ లేఖల శీర్షికకు రాస్తున్నారు. వారి భయంలో నిజం లేదని నేను అనను. తాగి బండి నడిపేవారి వల్ల రాత్రిపూట ఎంత ప్రమాదమో బందరు రోడ్డు దాటే ప్రతివారికీ తెలుసు. అయితే ఆ లేఖల్లో దాదాపు అన్నీ రాత్రినీ, పాటనూ, మద్యాన్నీ ఒకే మూటగా కట్టి మాట్లాడాయి. ఈ మూడూ వేరువేరు సంగతులు. వాటిని విడదీసి చూడకపోవడం వల్ల ఈ ఊరు ఏం పోగొట్టుకుంటున్నదో దగ్గర నుంచి చూసినదాన్ని గనుక ఈ ఉత్తరం కొంత వివరంగా రాస్తున్నాను. నిడివి పెరిగితే మన్నించగలరు.

నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. మొగల్రాజపురంలో ఉంటాను. సంగీతం నేర్చుకోలేదు గానీ వినడం చిన్ననాటి అలవాటు. మా ఎదురింటి అమ్మాయి దుర్గాపురంలోని ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో గాత్రం నేర్చుకుంది. చదువు పూర్తయ్యాక అందరిలాగే ఆర్కెస్ట్రాలో చేరి పెళ్లి రిసెప్షన్లలోనూ, సంగీత్‌లలోనూ, వినాయక చవితి పందిళ్లలోనూ పాడటం మొదలుపెట్టింది. ముహూర్తాలున్న నెలల్లో వారానికి నాలుగైదు రాత్రులు పని ఉంటుంది. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా ఇంట్లో కూర్చోవలసిందే. పాడినన్నాళ్లూ ఎదురుగా ఉన్నవారు వరుసలో నిలబడి ఫొటోలు దిగుతుంటారు, లేదా ప్లేటు పట్టుకుని బిర్యానీ కౌంటరు వైపు నడుస్తుంటారు. "ఆంటీ, నా పాట వినడానికని బయలుదేరి వచ్చినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు" అని ఒకసారి నాతో అన్నది. ఫిర్యాదులా కూడా అనలేదు, ఉన్న సంగతి చెప్పింది.

ఆ పరిస్థితి కొద్దివారాలు మారింది. మా ఇంటికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక మేడ మీది అంతస్తులో, ఒక యువకుడు కాఫీ హోటలు పెట్టాడు. శనివారం రాత్రి ఏడు నుంచి పది వరకు బల్లలు పక్కకు జరిపి నలభై కుర్చీలు వేసి, మనిషికి మూడు వందల రూపాయల టికెట్టుతో పాటలు పెట్టడం ప్రారంభించాడు. మద్యం లేదు, ఫిల్టర్ కాఫీ, మిరపకాయ బజ్జీ, పునుగులు, అంతే. ఎదురింటి అమ్మాయి పాడేది. ఒక పెద్దాయన వయొలిన్, ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రవాడు కహోన్ అనే చెక్క పెట్టె మీద కూర్చుని దాన్నే చేతులతో వాయించేవాడు. ముందుగా ఒక కీర్తన, తరువాత ఒక జానపదం, ఆపైన పాత సినిమా పాట, మధ్యలో ఆ కుర్రవాడు సొంతంగా కట్టుకున్న ఒక వరస, ఇలా సాగేది.

రెండో శనివారం జరిగింది ఒకటి నాకు బాగా గుర్తుంది. వయొలిన్ ఆయన శ్రుతి సరిచేసుకుంటూ రెండుసార్లు ఆగి, తల పైకెత్తి ఏసీ వైపు చూశారు. ఏసీ మోత ఆయన పంచమానికి కాస్త దిగువగా పలుకుతోంది. ఆయన ఏమీ అనకముందే వెనక వరుసలో ఉన్నవారెవరో లేచి స్విచ్చు కట్టేశారు. ఏప్రిల్ నెల, విజయవాడ ఎండ. రాత్రి ఎనిమిదైనా గోడలు వేడి కక్కుతున్నాయి. అయినా ఎవరూ ఏసీ వేయమని అడగలేదు. కాఫీ కప్పును సాసరు మీద పెట్టేవారు చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి దింపుతున్నారు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు నుంచి నేరుగా వచ్చిన ఒకాయన చేతులకు ఇంకా గ్రీజు మరక పోలేదు, చివరి కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి పాడుతూ పాడుతూ ఒకచోట మైకును పక్కకు తోసి, ఉట్టి గొంతుతోనే చరణం పూర్తి చేసింది. పెళ్లి హాలులో అలా చేసే వీలు ఆమెకు ఏనాడూ రాలేదు.

ఆరో శనివారం తొమ్మిదిన్నర ప్రాంతంలో ఇద్దరు కానిస్టేబుళ్లు పైకి వచ్చారు. ఎవరో ఫోన్ చేశారట. మర్యాదగానే మాట్లాడారు. యజమాని తన దగ్గరున్న ట్రేడ్ లైసెన్సు, ఆహార లైసెన్సు, పాటల హక్కుల సంస్థకు రుసుము కట్టిన రసీదు చూపించాడు. "మైకు పర్మిషన్ ఏది?" అని అడిగారు. మైకు పర్మిషన్ అంటే ఆరుబయట సభకో, ఊరేగింపుకో ఒక్క రోజుకు తీసుకునేది. ప్రతి శనివారం నాలుగు గోడల మధ్య నలభైమందికి పాట వినిపించడానికి ఏ కాగితం తీసుకోవాలో వారికీ తెలియదు, ఆయనకూ తెలియదు. ఆ తరువాత నెల రోజుల పాటు ఆ యువకుడు ఒక కార్యాలయం నుంచి ఇంకొక కార్యాలయానికి తిరిగాడు. ఒకచోట బారు లైసెన్సు ఉంటే చూద్దామన్నారు, ఇంకొకచోట ఫంక్షన్ హాలుగా మార్చుకొమ్మన్నారు, మరొకచోట మీది సినిమా హాలు కిందికి రాదు గనుక మాకు సంబంధం లేదన్నారు. బారు లైసెన్సు తీసుకుంటే పాటకు దారి దొరుకుతుందేమో గానీ, మద్యం వద్దనుకున్నవాడికి దారే లేకుండా పోవడం చూసి నాకు నిజంగా దుఃఖం కలిగింది. రాత్రి పాటను మద్యం నుంచి కాపాడాలని కోరేవారు ముందు సరిచేయవలసినది ఇక్కడే.

కానిస్టేబుళ్లు వచ్చి పాట ఆపించిన ఆ రాత్రే పదకొండున్నరకు మా వీధిలో ఒక పెళ్లి ఊరేగింపు వెళ్లింది. లారీ మీద పెట్టెలు పేర్చిన డీజే. మా కిటికీ అద్దాలు చట్రంలో గడగడలాడాయి. నా ఫోనులోని ధ్వని కొలిచే మీటరు బాల్కనీలో 90 డెసిబెళ్లు దాటి చూపింది (ధ్వని తీవ్రతను కొలిచేది డెసిబెళ్లలో). ఫోను మీటరు కచ్చితమైన పరికరం కాదని విద్యార్థులకు నేనే చెప్పేదాన్ని గనుక ఆ అంకెను ఎవరూ ప్రమాణంగా తీసుకోనక్కరలేదు; అయినా అంతకు రెండు గంటల ముందు ఆ కాఫీ హోటలు మెట్ల కింద, వీధిలో నిలబడి అదే ఫోనుతో చూసినప్పుడు పాట మోతను రోడ్డు మీది ఆటోల మోత నుంచి వేరు చేయలేకపోయాను.

ఇక్కడ చట్టం ఏమంటున్నదో చెప్పాలి, ఎందుకంటే మన చర్చల్లో దాని ఊసే రావడం లేదు. 2000 నాటి ధ్వని కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు, వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ నూరు మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు, వాద్యాలు వాడరాదు. అయితే లోపలివారికి మాత్రమే వినిపించే సభామందిరాలు, కమ్యూనిటీ హాళ్లు, విందు మందిరాల వంటి మూసిన ఆవరణలకు మినహాయింపు ఉంది. ప్రైవేటు ఆవరణలో మోగే ధ్వని దాని సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితిని ఐదు డెసిబెళ్లకు మించి దాటకూడదు. పండుగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు పది నుంచి పన్నెండు దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు గానీ అది ఏడాదికి మొత్తం పదిహేను రోజులు మించరాదు. 2005లో సుప్రీంకోర్టు ఈ విషయం మీద విపులమైన తీర్పు కూడా ఇచ్చింది. అంటే గోడల మధ్య పాటకూ వీధిలో మోతకూ ఉన్న భేదాన్ని మన చట్టం ఇరవై ఏళ్లకు ముందే గుర్తించింది. ఆ భేదాన్ని మీటరు పట్టుకుని సరిహద్దు దగ్గర కొలిచి చూసే అలవాటే మనకు లేదు. ఫోను చేసినవారి కోపాన్ని బట్టి కొన్ని పాటలు ఆగుతాయి, ఊరేగిస్తున్నవారి పలుకుబడిని బట్టి కొన్ని సాగుతాయి.

డెసిబెళ్ల గురించి ఒక్క మాట, పాఠం అనుకోకండి. 55 కంటే 65 కొంచెమే ఎక్కువ అనిపిస్తుంది గానీ, పది డెసిబెళ్లు పెరిగితే ధ్వని శక్తి పదింతలు అవుతుంది. ఇరవై పెరిగితే నూరింతలు. అందుకే సరిహద్దు దగ్గర పది తగ్గించడమంటే చిన్న పని కాదు, డబ్బుతో కూడిన పని. గోడలకు కోడిగుడ్ల అట్టలో, స్పాంజి పలకలో అతికిస్తే శబ్దం బయటికి పోదని చాలామంది నమ్ముతారు. అవి గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయే తప్ప గోడ దాటే ధ్వనిని ఆపవు. మోతను ఆపేది బరువు. దళసరి గోడ, దాని వెనక గాలి ఖాళీ వదిలి ఇంకొక గోడ, సందు లేకుండా మూసుకునే తలుపు, ఆ తలుపు దాటాక చిన్న గది, మళ్లీ ఇంకొక తలుపు. ముఖ్యంగా డ్రమ్ముల, బేస్ గిటారు లోతు స్వరాలు పల్చని గోడలను లెక్కచేయవు. పక్కింటివారికి పాట వినిపించక దడదడ మాత్రమే చేరేది అందుకే. పైగా ఆ స్పాంజి నిప్పంటుకుంటే విషపు పొగ వదులుతుంది. 2013 జనవరిలో బ్రెజిల్‌లోని శాంటా మరియా పట్టణంలో ఒక రాత్రి క్లబ్బులో వేదిక మీద వెలిగించిన బాణసంచా పైకప్పు స్పాంజికి అంటుకుని 242 మంది మరణించారు, చాలామంది ఆ పొగకే. ముంబయిలో 2017 డిసెంబరులో కమలా మిల్స్ ఆవరణలోని మేడ మీది హోటళ్లలో మంటలు రేగి 14 మంది పోయారు. రాత్రి జనం కూడే చోటు అనగానే అధికారులు మొదట చూడవలసినవి రెండు వైపులా బయటికి తెరుచుకునే తలుపులు, మెట్ల మీద అడ్డంగా సామాను లేకపోవడం, గోడలకు ఏం అతికించారన్నది. మా ఊళ్లో మేడ మీది హోటళ్లలో ఇనుప మెట్లు ఒక్కటే ఉన్నవి నేను ఎన్నో చూశాను, వాటిలో పాట ఉన్నా లేకపోయినా. ఆ కాఫీ హోటలుకూ ఒక్క మెట్లదారే ఉండేది. ఆ కారణం చెప్పి రెండో దారి కట్టేవరకు ఆపమని ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. అధికారులెవరూ ఆ మెట్ల సంగతి ఎత్తలేదు.

రాత్రిపూట టికెట్టు కొని పాట వినడం మనది కాని సంస్కృతి అని ఒక పాఠకుడు రాశారు. ఆ పెద్దమనిషి మీద గౌరవంతోనే కాదంటున్నాను. పద్య నాటకాలు తెల్లవార్లూ ఆడిన ప్రాంతం ఇది. కంట్రాక్టరు పేరున్న నటులను నాలుగు ఊళ్ల నుంచి కూర్చి, టికెట్లు అమ్మి వేయించే కంట్రాక్టు నాటకాలకు మా నాన్నగారు బండి కట్టించుకుని వెళ్లేవారు. రాగం సాగదీసినచోట జనం వన్స్ మోర్ అని అరిస్తే చనిపోయిన పాత్రధారి లేచి పద్యం మళ్లీ పాడి పడిపోయిన సంగతులు మా ఇంట్లో కథలుగా చెప్పుకునేవారు. గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయంలో పుస్తకాలతో పాటు నాటక వేదిక కూడా ఉన్నది. బుర్రకథను లక్షల మందికి చేర్చిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లువారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర నేర్చుకుని, ఎనిమిదేళ్ల వయసులో తొలి కచేరీ చేసింది ఈ ఊళ్లోనే. 1948 డిసెంబరు 1న ఇక్కడ ఆకాశవాణి కేంద్రం మొదలైనప్పటి నుంచి దాని చుట్టూ వయొలిన్, వీణ, మృదంగ విద్వాంసుల కుటుంబాలు స్థిరపడ్డాయి. 2021లో పద్మశ్రీ అందుకున్న అన్నవరపు రామస్వామిగారి వంటి వయొలిన్ విద్వాంసుడు మన మధ్య ఉన్నారంటే అది ఆ పరంపర వల్లనే. 2011 జనాభా లెక్కలకే పది లక్షలు దాటిన నగరంలో, ఇంత సంగీత చరిత్ర వెనక ఉన్న నగరంలో, శనివారం రాత్రి ఎనిమిది గంటలకు ఎక్కడికి వెళ్తే ఒక పాట వినవచ్చు అని పరాయి ఊరివారు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

పెద్ద సభలు లేవని అనడం లేదు. 2025 ఫిబ్రవరిలో తలసీమియా రోగుల సహాయార్థం ఇందిరాగాంధీ స్టేడియంలో తమన్ సంగీత విభావరి జరిగినప్పుడు ఊరంతా అటే నడిచింది. ఆ ఏడాది దసరాకు విజయవాడ ఉత్సవ్ పేరిట పున్నమి ఘాట్ వద్ద, ఇతర వేదికల మీద పాటలు మోగాయి. తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం ఉండనే ఉంది, సిద్ధార్థ ఆడిటోరియం ఉంది. కానీ స్టేడియంలో పాడేవాడు స్టేడియంలో తయారుకాడు. నలభైమంది ముందు తప్పు పాడి, ఆ తప్పును వారి ముఖాల్లో చూసి, వచ్చే శనివారానికి దిద్దుకునే చోటు ఒకటి కావాలి. మద్రాసులో మౌంట్ రోడ్డు మీద నైన్ జెమ్స్ అనే చిన్న రాత్రి క్లబ్బులో 1969 ప్రాంతంలో పట్టుచీర కట్టుకుని పాడటం మొదలుపెట్టిన ఉషా ఉతుప్ ఆ తరువాత కలకత్తా పార్కు స్ట్రీట్‌లోని ట్రింకాస్‌లో పాడి దేశమంతా తెలిసిన గాయని అయ్యారు. వేదిక చిన్నదైనంత మాత్రాన ఆమె గౌరవానికి లోటు రాలేదు.

ఆడపిల్ల రాత్రిపూట పాడటమన్న మాట వచ్చింది గనుక మనసులో ఉన్నది చెబుతాను. ఈ అనుమానం నిన్న మొన్నటిది కాదు. మన కళాక్షేత్రానికి పేరైన క్షేత్రయ్య మన పక్కనున్న మొవ్వవాడు. పదాలు అనే ఆయన పాటలను తరాల పాటు గొంతులో నిలిపినవారు, ఆటపాటలే వంశవృత్తిగా ఉన్న కళావంతుల స్త్రీలు. పెళ్లిళ్లలో మేజువాణి, అంటే ఆటపాటల కచేరీ, చేసిన ఆ స్త్రీల బతుకుల్లో దోపిడీ ఉన్నది, అందుకే వీరేశలింగంగారు ఆ మేళాలను వ్యతిరేకించారు, 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ వ్యవస్థను చట్టంతో నిషేధించింది. దోపిడీ పోవలసిందే. అయితే దానితో పాటు, రాత్రి నలుగురి ముందు పాడే స్త్రీని తక్కువగా చూసే చూపు మాత్రం పోకుండా మిగిలింది. ఎదురింటి అమ్మాయికి సంబంధాలు చూస్తున్నప్పుడు ఆర్కెస్ట్రా అన్న మాట దాచిపెట్టమని వాళ్ల అమ్మకు బంధువులు చెప్పడం నేను విన్నాను. మహారాష్ట్రలో ఆర్కెస్ట్రా బార్ల వేదిక మీద నలుగురు స్త్రీలు, నలుగురు పురుషులకు మించి ఉండరాదన్న షరతును 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. వేదిక మీద మొత్తం ఎనిమిదిమంది అన్న హద్దు ఉండవచ్చు గానీ అందులో స్త్రీలు ఎందరుండాలో ప్రభుత్వం నిర్ణయించరాదని చెప్పింది. రక్షణ పేరుతో పెట్టే హద్దులు వారి పనినే తీసేస్తాయని ఆ తీర్పు చదివితే అర్థమవుతుంది. పాడి ఇంటికి వెళ్లే దారిలో వీధి దీపం వెలగడం, పది దాటాక కూడా ఒక సిటీ బస్సు దొరకడం, సందు మలుపులో గస్తీ ఉండటం, ఇవీ వారికి కావలసిన రక్షణ. ఈ ఊళ్లో రైల్వే స్టేషనూ, పండిట్ నెహ్రూ బస్ స్టేషనూ రాత్రంతా మేల్కొనే ఉంటాయి. అక్కడ అర్ధరాత్రి ఇడ్లీ తినడానికి ఆడవాళ్లు జంకకుండా నిలబడగలిగినప్పుడు ఒక పాట విని ఇంటికి చేరడం అసాధ్యమేమీ కాదు.

మా చెల్లెలి కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ఈ సంగతి చెప్పినప్పుడు అతను అక్కడి కథ ఒకటి చెప్పాడు, తరువాత నేనూ చదివాను. ఆ రాష్ట్రంలో మద్యం లైసెన్సుల శాఖ ప్రత్యక్ష సంగీతం ఉన్న చోట్లన్నిటినీ గొడవలకు ఆస్కారమున్న చోట్లుగా లెక్కగట్టి, కాపలాదారులను పెట్టమనీ, ఇంకా ఎన్నో చేయమనీ ఖర్చు మోపింది. 2010 జనవరిలో ఒక పాత సంగీతశాల ఆ భారం మోయలేక తలుపులు మూసింది. ఫిబ్రవరిలో వేలాదిమంది నగర వీధుల్లో ఊరేగారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి, సంగీతం ఉన్నంత మాత్రాన గొడవ ఉన్నట్టు కాదని ఒప్పుకుంది. 2014లో ఇంకొక మంచి సూత్రం తెచ్చింది. సంగీతశాల ఉన్నచోటికి తరువాత వచ్చి అపార్ట్‌మెంట్లు కట్టేవారు తమ కిటికీలకు దళసరి అద్దాలు తామే వేయించుకోవాలి. ఇళ్ల మధ్యకు తరువాత వచ్చే సంగీతశాల తన గోడల ఖర్చు తానే పెట్టుకోవాలి. ఎవరు తరువాత వచ్చారో భారం వారిది. ఇంగ్లండు కూడా 2018లో ఇదే పద్ధతిని తన ప్రణాళికా విధానంలో చేర్చింది. బెర్లిన్ నగరమైతే క్లబ్బుల గోడలకు శబ్ద నిరోధం కోసం నిధి పెట్టింది. మన నగరపాలక సంస్థ అంత ఖర్చు చేయాలని నేను అడగను. భవన నిర్మాణ అనుమతుల్లో ఈ ఒక్క సూత్రం రాయడానికి ఖర్చేమీ లేదు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. నలభై కుర్చీలు, మూడు వందల టికెట్టు, అంటే కుర్చీలన్నీ నిండితే పన్నెండు వేలు. అందులో ముగ్గురు కళాకారులకు, సౌండు చూసేవాడికి ఇచ్చాక, అద్దె, కరెంటు పోను మిగిలేది చాలా తక్కువ. బయటి దేశాల్లో ఈ లోటును మద్యం అమ్మకం పూడుస్తుంది, అందుకే క్లబ్బులకూ మద్యానికీ ముడి పడింది. మనం ఆ ముడి వద్దనుకుంటే ఇంకొక దారి చూపాలి. కేంద్రం ఇప్పటికే ఒక మేలు చేసింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు మనిషికి 250 రూపాయలు మించని సంగీత కార్యక్రమపు టికెట్టుకు పన్ను మినహాయించి, 2018 జనవరిలో ఆ హద్దును 500కు పెంచారు. కాపీరైటు చట్టం పెళ్లి వేడుకల్లో పాడే పాటలకు రుసుము అడగదు, ఇటువంటి గదిలో పాడితే అడుగుతుంది. అది న్యాయమే, ఎందుకంటే 2012 సవరణ తరువాత ఆ రుసుములో పాట రాసినవారికీ, వరస కట్టినవారికీ వాటా ఉంది. ఎదురింటి అమ్మాయి పెళ్లిళ్లలో వందసార్లు పాడినా ఆ కవికి పైసా చేరదు, ఆ గదిలో ఒకసారి పాడితే కొంత చేరుతుంది.

నాకు తోచిన ఇంకొక మాట. మూఢంలోనూ ఆషాఢంలోనూ ఈ కళాకారులు పని లేక కూర్చునే రోజుల్లోనే ఊళ్లోని ఫంక్షన్ హాళ్లూ తాళాలు వేసుకుని ఉంటాయి. వాటిలో చిన్న హాళ్లను శని, ఆదివారాల్లో తక్కువ అద్దెకు ఇస్తే ఇద్దరికీ మేలు. నున్నటి టైల్స్, రేకుల పైకప్పు వల్ల వాటిలో మాట గింగిరాలు తిరుగుతుంది, నిజమే. దళసరి తెరలు, నేల మీద జంపఖానాలు కొంతవరకు సరిచేస్తాయి. గుంటూరులో శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం వంటి పేరున్న సభాస్థలి ఉన్నా చిన్న గదుల విషయంలో వారిదీ మా పరిస్థితే. అక్కడి నుంచి ఇద్దరు విద్యార్థులు ప్రతి శనివారం మోటారు సైకిలు మీద ఆ కాఫీ హోటలుకు వచ్చేవారు. రాత్రి పదిన్నరకు హైవే మీద వాళ్లు తిరిగి వెళ్తుంటే నాకు భయం వేసేది.

ఇన్ని చెప్పింది ఒక్క కోరిక కోసం. నగరపాలక సంస్థ, పోలీసు, అగ్నిమాపక శాఖలు కలిసి చిన్న సంగీతశాల అన్న పేరుతో ఒక ప్రత్యేక అనుమతిని ఏర్పాటు చేయాలి. వందమందికి లోపు కుర్చీలు, రెండు దారులు, మంట అంటుకోని గోడలు, సరిహద్దు దగ్గర కొలిచిన ధ్వని పరిమితికి లోబడటం, ఫలానా గంటకు ముగించడం అన్న షరతులు ఒకే కాగితం మీద ఉండాలి, ఒకే చోట దరఖాస్తు చేసుకునే వీలుండాలి. లోపల కూడా ధ్వనికి హద్దు కావాలి. ఇటువంటి వేదికల్లో పావుగంట సగటున 100 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. మద్యం అమ్మదలచుకున్నవారు ఆ లైసెన్సును వేరుగా, దానికున్న కఠిన నియమాలతో తీసుకోవాలి. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారు ఆ గడప దాటకుండా చూడాలి. మద్యం లేనిచోటికి మాత్రం పిల్లలతో సహా కుటుంబమంతా వెళ్లగలగాలి. ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే మీటరుతో వచ్చి కొలిచి, దాటితే జరిమానా వేసి, దాటకపోతే ఫిర్యాదుదారుకు ఆ అంకె చూపించి వెళ్లాలి. రేపు నా ఇంటి పక్కనే అటువంటి గది వస్తే ఈ మాట మీదే నిలబడతానని సవినయంగా తెలియజేస్తున్నాను.

ఎదురింటి అమ్మాయి గత శ్రావణంలో బెంగళూరు వెళ్లిపోయింది. అక్కడ వారానికి మూడు రాత్రులు పాడుతోంది. వయొలిన్ పెద్దాయన ఇంటి దగ్గర పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. కాఫీ హోటలు యజమాని ఆ నలభై కుర్చీలను ఇంకా అమ్మలేదు. వెనక గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చి పైన దుప్పటి కప్పి ఉంచాడు. ఏ కాగితం తేవాలో ఏ అధికారి అయినా మీ పత్రిక ద్వారా తెలియజేస్తే, రెండో మెట్లదారి కట్టించడానికి కావలసిన డబ్బు సర్దుకుంటానని నిన్న నాతో చెప్పాడు. ఆ జవాబు కోసమే ఈ ఉత్తరం.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలు,
మొగల్రాజపురం, విజయవాడ